హాజరీ బుక్కు

మా నాయిన చేతుల వాసన నాకు ఇప్పటికీ గుర్తే. తంగేడు చెక్క, సున్నం, పచ్చితోలు కలిసిన వాసన. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా పోయేది కాదు. బడిలో నా పక్కన ఎవరూ కూర్చోకపోతే ఇంటికొచ్చి నాయిన మీద కోపం తీర్చుకునేవాణ్ణి. "నువ్వా పని బంజెయ్యే" అని ఏడ్చేవాణ్ణి. ఆయన నవ్వి, "బంజేస్తే నీకు పలక బలపం ఎక్కడికెల్లి వస్తయి బిడ్డా" అనేవాడు. పెద్దయ్యాక నా చేతులకూ ఒక వాసన పట్టుకుంది. అది తంగేడు చెక్కది కాదు. ఆ వాసన గురించీ, ఒక హాజరీ బుక్కులో నేను రాసిన ఒక్క అక్షరం గురించీ చెప్పాలి. ఇరవై ఏండ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు.

ఊళ్ళో గొడ్డు చస్తే కబురు మా వాడకే వచ్చేది. ఏ ఇంటి గొడ్డును ఎవరు మొయ్యాలో వంతులుండేవి. నాలుగు కాళ్ళూ కర్రకు కట్టి, ఆరుగురు భుజాన వేసుకొని వాగొడ్డుకు తెచ్చేవాళ్ళు. నాయిన తోలు ఒలిస్తే దానికి ఒక్క గాటు పడేది కాదు. కడుపు మీద గీత గీసేవరకే కత్తి. ఆ తర్వాత పిడికిలి లోపలికి దూర్చి, కండ నుంచి తోలును మెల్లగా విడదీసుకుంటూ పోయేవాడు. "కత్తితోటి ఎవడైనా ఒలుస్తడు. పిడికిలితోటి ఒలవాలె" అనేవాడు. కూర పోగులు పడేది. కార్జం, బోటి, తిల్లి, బొక్కలు, ఇంటికొక పోగు. మొగదిక్కు లేని ముసలమ్మకు కూడా పోగు పడేది. మిగిలిన కూరను తునకలు కోసి దండేల మీద ఎండేసేవాళ్ళు. పనిలేని వానకాలం దినాల్లో ఆ తునకలే మమ్మల్ని బతికించాయి. తోలు లందగోలెంలో సున్నపు నీళ్ళలో నానేది. బొచ్చు గీకినాక తంగేడు చెక్క నీళ్ళలో ఊరేది. వారాల తరబడి సాగే పని అది. ఆ తోలే చెప్పులయ్యేది, మోట తొండమయ్యేది, డప్పయ్యేది. పంట కల్లానికి వచ్చినప్పుడు రైతు మేర కొలిచేవాడు. కొలిచేది పైనుంచి, మా గుడ్డ తనకు తగలకుండా.

ఇదంతా గొప్ప అని చెప్పడం లేదు. అది వెట్టి. పదేండ్ల పటేలు కొడుకు మా నాయినను "ఏరా" అని పిలిచేవాడు. కానీ ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ పనిలో తోలు మాది, కొమ్ము మాది, కూర మాది, ఒలిచే ఒడుపు మాది.

తర్వాత కరెంటు మోటర్లు వచ్చి మోట పోయింది. రబ్బరు చెప్పులు వచ్చి మా చెప్పులు పోయాయి. పచ్చితోలును ఉప్పేసి పట్నంలో తోలు సేటుకు అమ్ముకోవడమే మిగిలింది. 1985లో కారంచేడు జరిగినప్పుడు నాకు ఊహ సరిగా లేదు. 1990లో అంబేడ్కర్ శతజయంతి వచ్చేనాటికి తొమ్మిదో తరగతిలో ఉన్నాను. హైదరాబాదు హాస్టళ్ళలో ఉండి చదివే మా వాడ అన్నలు వచ్చి సంఘం పెట్టారు. 1927లో మహద్‌లో బాబాసాహెబు చచ్చిన గొడ్డు కూర మానుకొమ్మన్న సంగతి మొదటిసారి వాళ్ళ నోటనే విన్నాను. ఆ రాత్రి వేపచెట్టు కింద వాడంతా కూర్చొని తీర్మానం చేసింది. ఇక ఊరి గొడ్డును మొయ్యం.

నాయిన ఒక్కడే లేచి అడిగాడు. "మొయ్యద్దు, మంచిదే. మరి తోలెవరిది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నాకైతే సిగ్గేసింది. అందరూ ఆత్మగౌరవం గురించి మాట్లాడుతుంటే ఈయన తోలు గురించి అడుగుతాడేమిటి అనుకున్నాను.

ఊరు మమ్మల్ని మూడు నెలలు కూలికి పిలవలేదు. కోమటి కొట్టులో ఉప్పు కూడా పుట్టలేదు. పటేలు బర్రె చచ్చి కొట్టంలో ఉబ్బితే, రెండు రోజులు చూసి చివరికి ట్రాక్టరుకు గొలుసేసి ఈడ్చుకుపోయి వాళ్ళే పాతిపెట్టుకున్నారు. ఆ రోజు మా వాడలో పండగ. నాయిన మాత్రం లందగోలెంలో నీళ్ళు పారబోసి, దాన్ని బోర్లేసి, పోయి పడుకున్నాడు.

తొమ్మిదేండ్ల తర్వాత, 1999లో, మా వాడకొక జీపు వచ్చింది. బోర్లు ఎండిపోయి సగం వాడ బతకపోయిన కాలం. జీపులో వచ్చినవాడు ఊళ్ళో ఆగలేదు. ఊరి పిల్లలు కూడా పనిలేకుండా అరుగుల మీద కూర్చునే ఉన్నారు. వాళ్ళను అడగలేదు. నేరుగా మాదిగవాడ ఎక్కడో తెలుసుకొని వచ్చాడు. "కార్ఖానాల పని. బస్సు మేమే పెడ్తం. రోజుకు 60 రూపాయలు. మీకు అలవాటున్న పనే గదా" అన్నాడు.

హైదరాబాదు చుట్టుపట్ల బర్రెకూరను విదేశాలకు పంపే కార్ఖానాల్లో అదొకటి. దాని పేరుతో నాకు పనిలేదు. నేను, మా అక్క మొగుడు, మరో పదకొండు మంది పోయాం. నాకప్పటికి డిగ్రీ రెండో ఏడు తప్పింది. ఆరు నెలల తర్వాత మా అక్క కూడా ప్యాకింగులో చేరింది.

సదాశివపేట, తూప్రాను అంగళ్ళ నుంచీ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ లారీల్లో గొడ్లు దిగేవి. నీళ్ళు మాత్రం పెట్టి, మేత పెట్టకుండా ఒక రోజు కొట్టంలో నిలిపేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక పని మొదలు. గొంతు దగ్గర కత్తి ఖురేషీలది. వెనక కాలికి గొలుసు తగిలించి లేపితే గొడ్డు తలకిందులుగా పైనున్న పట్టా వెంట జరుగుతూ పోయేది. ఒకడు తల, ఒకడు గిట్టలు, ఒకడు పొట్ట. తోలు ఒలిచేది మిషను. అంచులకు గొలుసులు బిగించి మీట నొక్కితే, మా నాయిన పిడికిలి ఎంతోసేపు చేసే పని నిమిషంలో అయిపోయేది. మొదటి రాత్రి దాన్ని చూసి అట్లాగే నిలబడిపోయాను. సూపర్వైజరు వచ్చి నన్ను పక్క గదిలోకి తోసేదాకా కదలలేదు. ఒలిచిన కండను సున్నాకూ నాలుగు డిగ్రీలకూ మధ్య చల్లగదిలో ఒక రోజు ఉంచి, బొక్కలు తీసి, ముక్కలను ప్లాస్టిక్కు కవర్లలో చుట్టి, 20 కిలోల అట్టపెట్టెల్లో సర్దేవాళ్ళు. మైనస్ 40లో గడ్డకట్టించి, మైనస్ 18లో నిలవ చేసేవాళ్ళు. అక్కడి నుంచి కంటెయినర్లలో ముంబయి రేవుకు, ఓడల్లో గల్ఫుకు, మలేషియాకు. తోళ్ళు ఉప్పేసి ఆంబూరు, రాణిపేట తోలు కార్ఖానాలకు.

లోపల ఎవరి చోటు ఎక్కడో ఎవరూ నోటితో చెప్పలేదు. చెప్పే అవసరం లేదు. ఆఫీసులో, ల్యాబులో, లెక్కల దగ్గర పెద్దకులాల పిల్లలు. వాళ్ళలో కొందరు మాంసం ముట్టనివాళ్ళు. వాళ్ళకు నెత్తురు అంటేది కాదు, జీతం మాత్రం అంటేది. కత్తి పట్టేది హైదరాబాదు నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చిన ఖురేషీలు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళూ గొడ్డుకింత అని కూలి తీసుకునేవాళ్ళే. మణికట్లు పట్టేసి నలభై దాటకముందే పని మానేసేవాళ్ళే. లోపల డబ్బా తెరిచి మాతో కలిసి తిన్నది వాళ్ళొక్కళ్ళే. ఇక పేడ, నెత్తురు కాలువ, పొట్టలు, బొక్కల మిషను మావి. మా వాడ, పక్క ఊళ్ళ వాడలు, ఒడిశా నుంచి వచ్చిన మాలాంటివాళ్ళు.

నన్ను పొట్టల బల్ల దగ్గర వేశారు. బర్రె పొట్ట నలభై యాభై కిలోలుంటుంది. దాన్ని బల్ల మీదికి లాగి, చీల్చి, పేడ కుమ్మరించి, వేడినీళ్ళలో కడగాలి. పొరలు పొరలుగా ఉండే సంచిని వేరు చెయ్యాలి. అది తూర్పు దేశాలకు పోయేది. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చి పడేది. పట్టా ఆగదు. మూత్రానికి పోవాలంటే పక్కవాడు రెండు పొట్టలు లాగాలి. ఒంటి మీద పేడనీళ్ళు, చేతులు మరిగే నీళ్ళలో, కాళ్ళు చల్లనీళ్ళలో. నెలకే గోళ్ళు మెత్తబడి ఊడాయి. ఇచ్చిన బూట్లు మూడు నెలలకు చిరిగితే ఏడాది దాకా మళ్ళీ ఇవ్వలేదు. చెప్పులు కుట్టే కులం పిల్లలం, ఉత్త కాళ్ళతో నిలబడ్డాం.

1977 చట్టం ప్రకారం ఆవునూ దూడనూ కోయకూడదు. ఎగుమతికి బర్రె, దున్న మాత్రమే. అది కూడా పాలకూ, దుక్కికీ, ఈతకూ ఇక పనికిరాదని డాక్టరు రాసిస్తేనే. కాగితం అట్లాగే వచ్చేది. కానీ పొట్ట కోస్తే లోపల నెలలు నిండిన దూడ ఉన్నవి కూడా మా బల్ల మీదికి వచ్చాయి. కాగితం ఒకటి చెప్తుంది, పొట్ట ఇంకొకటి చెప్తుంది. చట్టం కాగితం మాటే వింటుంది. ఆ దూడసంచులు చేతులతో ఎత్తిపోసేవాడు మా వాడ పిల్లవాడే. అతనికి సాయంత్రమైతే జ్వరం, పొద్దున చెమటలు, కీళ్ళ నొప్పులు. ఏడెనిమిది నెలలు టైఫాయిడ్ మందులే మింగాడు. గొడ్ల నుంచి మనిషికి వచ్చే బ్రూసెల్లా అనే రోగం ఉంటుందనీ, ఈనిన సంచుల నీళ్ళతోనే ఎక్కువగా అంటుకుంటుందనీ గాంధీ ఆస్పత్రికి పోయినాక తెలిసింది. కార్ఖానాలో గొడ్డుకు డాక్టరున్నాడు. మాకు లేడు.

ఇంకొకటి చెప్పాలి. గొడ్డు పిత్తపు సంచిలో ఎప్పుడో ఒకసారి గోరోజనం దొరుకుతుంది. మా నాయినకు ఒకసారి ఎద్దు కడుపులో దొరికితే వైద్యం చేసే అయ్యగారికిచ్చి బస్తా జొన్నలు తెచ్చాడు. గొడ్డును ముట్టిన మాదిగను అయ్యగారు ముట్టడు, గోరోజనాన్ని మాత్రం అరచేత పట్టుకున్నాడు. కార్ఖానాలో ప్రతి పిత్తపు సంచినీ సూపర్వైజరు స్వయంగా పిసికి చూసేవాడు. దొరికితే తాళం పెట్టెలోకి పోయేది. పొద్దున గేటు దగ్గర మా అంగీలు విప్పించి, నోరు తెరిపించి చూసేవాళ్ళు. ఒక్క కార్జం తునక దొరికినా వారం కూలి కోత. మా అవ్వ ఒకసారి అడిగింది. "రాత్రంత గొడ్లల్లనె ఉంటరు, ఇంటికొక్క బొక్క రాదేందిరా?" అప్పటికే అంగట్లో ముసలి గొడ్డు ధర పెరిగి, మా వాడలో పెద్దకూర వారానికొకసారి కొనడమే గగనమైంది.

బాగుపడలేదా అంటే పడ్డాం. అబద్ధం ఎందుకు? నెల నెలా పైసలు వాడ ఎప్పుడూ చూడలేదు. నాలుగిండ్లకు స్లాబు పడింది. పిల్లలు కాన్వెంటుకు పోయారు. పటేలు దగ్గర అప్పు తెచ్చే పని తప్పింది. మా అక్క తన జీతంతో చెవులకు కమ్మలు చేయించుకుంది. కానీ డ్యూటీ దిగి ఎర్రబస్సు ఎక్కితే చుట్టూ సీట్లు ఖాళీ అయ్యేవి. కండక్టరు "వెనక్కి పోండి, వెనక్కి పోండి" అనేవాడు. ఊరికి వాడ ఉన్నట్టే బస్సుకూ వాడ ఉంటుందని అప్పుడు తెలిసింది. సబ్బు రాసుకున్నా, నిమ్మకాయ రుద్దుకున్నా ఆ వాసన పోదు. మా కులంలోనే చదువుకున్న సంబంధం ఒకటి నా వాసనకే తప్పిపోయింది. పిల్ల తండ్రి సంఘం మనిషి. "మనం ఇడిసిపెట్టిన పనికే మళ్ళ పోయినవేంది బాబూ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వేపచెట్టు కింద తీర్మానం చేసి మానేసిన పనే, గేటు లోపల రాత్రికి 60 రూపాయలకు చేస్తున్నాం. ఒక్కటే తేడా. అప్పుడు తోలు మాది.

2002 అక్టోబరులో హర్యానాలో ఝజ్జర్ దగ్గర దులీనా పోలీసు చౌకీ ముందే ఐదుగురు దళితులను గుంపు కొట్టి చంపింది. ఆవును చంపి తోలు ఒలిచారని నెపం. ఆ వార్త నేను కార్ఖానా క్యాంటీన్లో పాత పేపరులో చదివాను. చదివి బయటికొస్తే గేటులో కంటెయినర్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని ఎవరూ ఆపలేదు. ఆపాలని నేను అనడం లేదు. రోడ్డు మీద చేస్తే చంపదగిన నేరమైన పని, గేటు లోపల చేస్తే దేశానికి డాలర్లు తెచ్చే పరిశ్రమ ఎట్లా అయింది అని అడుగుతున్నాను. చేతులు రెండు చోట్లా మావే గదా.

అదే ఏడాది చివర నన్ను హాజరీ రాయడానికి కూర్చోబెట్టారు. వాడ నుంచి వచ్చినవాళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు కుదురుగా రాసేది నేనే. కుర్చీ, బల్ల, పెన్ను. మూడేండ్ల తర్వాత మొదటిసారి పొడిచేతులతో అన్నం తిన్నాను. అందరి పేర్లూ నా కింద ఉండేవి. కొద్దిగా గర్వం కూడా వచ్చింది.

2003 ఎండాకాలం. మా బావ అప్పటికి బొక్కల మిషను మీద ఉన్నాడు. తలకాయలు, కాళ్ళ బొక్కలు అందులో నలిగి, ఉడికి, పొడి అయ్యేవి. మిషను మూతి మీద ఉండాల్సిన ఇనప జాలీ ఎప్పుడో ఊడింది. ఆపి బాగు చేస్తే బొక్కలు గుట్టపడతాయని అట్లాగే నడిపేవాళ్ళు. తెల్లవారుజామున ఒక కొమ్ము అడ్డం పడింది. బావ చేత్తో తొయ్యబోయాడు. కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు మిగిలింది. రక్తంతో నిండిన ఆ గదిలో మనిషి రక్తం ఏదో కనుక్కోవడానికి కూడా కొంతసేపు పట్టింది.

సర్కారు దవాఖానకు తీసుకుపోతే పోలీసు కాగితం అవుతుందని ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకుపోయారు. ఎనిమిది గంటలకు కంట్రాక్టరు నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఎప్పుడూ నన్ను పేరుతో పిలవనివాడు "తమ్మీ" అన్నాడు.

"ఇయ్యాల ఆయన డ్యూటీకి రాలేదు. బయట ఏడనో తాగి పడ్డడు. సమజైందా? దవాఖాన ఖర్చు మేం పెట్టుకుంటం. పైన ఎనిమిది వేలిస్తం. నీ నౌకరి, మీ అక్క నౌకరి నీ చేతులనే ఉన్నయి."

హాజరీ రాత్రే వేశాను. మా బావ పేరు ఎదురుగా నా చేతిరాతతోనే 'పీ' ఉంది. నేను బ్లేడుతో గీకి 'ఏ' రాశాను. కాగితం అక్కడ పలచబడింది. నా చేయి వణకలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మా అక్క ఆ రాత్రి ప్యాకింగులో ఉంది. మొగనితో కలిసి ఒకే బస్సులో వచ్చింది. నర్సింగ్ హోము మెట్ల మీద నన్నడిగింది. "నువ్వే రాసినవా తమ్మీ?" నేను తలవంచుకున్నాను. అక్క ఏడవలేదు. "పైసలు రాకపోతె పాయె. నాలుగేండ్లు ఒక్క నాగ వెట్టని మనిషిని పనికే రాలేదని రాస్తివి గదరా" అంది. బావ మాత్రం కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకొని, "నువ్వు రాయకుంటె ఇంకొకడు రాస్తుండె బామ్మర్దీ. కొలువన్న దక్కింది" అన్నాడు. ఆ మాట కంటే ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఏడాది తిరగకముందే నేను మానేశాను. టీచర్ ట్రైనింగు చేసి తర్వాత డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. 2006లో, ట్రైనింగులో ఉండగా, ఒక వకీలును కలిశాను. అప్పుడు అమలులో ఉన్న 1923 నాటి కార్మికుల పరిహారం చట్టంలో ఒక చేతికి నాలుగు వేళ్ళు పోతే సంపాదించే శక్తిలో సగం పోయినట్టు లెక్క అని చెప్పాడు. కంట్రాక్టరు కింద పనిచేసినా అసలు యజమానిదే బాధ్యత అని కూడా చెప్పాడు. నాకు ఆశ పుట్టింది. "అయితే దరఖాస్తు రెండేండ్లలోపు పెట్టాలె. ఆలస్యమైనా అడిగి చూద్దాం. ఆ రోజు హాజరీ బుక్కుల ఏముంది?" అని అడిగాడు. లేచి వచ్చేశాను.

నాయిన 2011లో పోయాడు. ఆయన చావుకు డప్పు కావాలంటే పట్నం పోయి ఫైబరు డప్పులు కిరాయికి తెచ్చాం. తోలు డప్పు మా వాడలో ఒక్కటి లేదు. తోలు పట్టగలిగిన చెయ్యి కూడా లేదు. 2014 నాటికి బర్రెకూర ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో మొదటి వరసకు చేరిందని పేపర్లు గొప్పగా రాశాయి. 2016 జూలైలో గుజరాత్‌లోని ఉనా దగ్గర, చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు మన పిల్లలను బండికి కట్టి కొట్టారు. అక్కడి దళితులు చచ్చిన గొడ్లను తెచ్చి కలెక్టరు ఆఫీసు ముందు పడేశారు. మీ గోమాతను మీరే చూసుకోండన్నారు. టీవీలో అది చూస్తూ మా ట్రాక్టరు రోజు గుర్తొచ్చింది. ఎంత సంతోషపడ్డానో అంత భయపడ్డాను. వాళ్ళ వాడకు కూడా రేపు ఒక జీపు వస్తుంది. "మీకు అలవాటున్న పనే గదా" అంటుంది.

చచ్చిన గొడ్డును వదలడం తప్పు కాదు. బాబాసాహెబు చెప్పింది నిజమే. మనం నాయిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా లేచిపోవడమే తప్పు. పని వదిలితే తోలు ఎవరి చేతికి పోతుంది, దాని ధర ఎవరి లెక్కలో పడుతుంది, మళ్ళీ ఆ పనికే మనల్ని పిలిస్తే ఏ షరతు మీద పోవాలి? సంఘం ఈ సంగతులు కూడా మాట్లాడాలి. గౌరవం సంగతి, కూలి సంగతి వేరువేరుగా మాట్లాడుకున్నంత కాలం గేటు బయట ఒకరు కొడతారు, గేటు లోపల ఒకరు కోస్తారు.

మా బావ ఇప్పుడు రోడ్డు మీద పాన్‌డబ్బా నడుపుతున్నాడు. ఎడమచేత్తో సున్నం రాస్తాడు. అక్క నాతో మాట్లాడుతుంది, పండగకు పిలుస్తుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. నేను రోజూ బడిలో పిల్లల హాజరు తీస్తాను. ఒక్కొక్క పేరు పిలిచి, తలెత్తి మొహం చూసి గాని గుర్తు వెయ్యను.

2003 ఎండాకాలం ఆ రాత్రి మా బావ పనికి వచ్చాడు. పదింటికి బస్సు దిగాడు, నాకు చెయ్యి ఊపి లోపలికి పోయాడు, తెల్లారేదాకా పనిచేశాడు. హాజరీ బుక్కులో ఉన్నది అబద్ధం. రాసింది నేనే.